అడవిలో పండు రాలితే.. చేనుకు రాదు దుప్పి
వేసవిలో వన్యప్రాణులను కాపాడేది ఇప్ప, ఉసిరి, తునికి చెట్లే

గవర్నర్‌పేట (విజయవాడ): కార్తీకమాసం వచ్చిందంటే గవర్నర్‌పేట పరిసర బజార్లలో తోపుడుబండ్ల నిండా ఉసిరికాయలు కనిపిస్తాయి. క్షీరాబ్ది ద్వాదశి నాడు తులసికోటలో పెట్టి పూజించేందుకు కాయలతో ఉన్న ఉసిరి కొమ్మలనూ కట్టలుగా కట్టి విక్రయిస్తారు. ఊరగాయకు, పూజకు, వనభోజనాలకు ఉసిరి లేనిదే తెలుగువారికి కార్తీకం గడవదు. అయితే అడవిలో పండే ఈ కాయకు మనిషి కంటే ముందునుంచీ ఉన్న హక్కుదారు మరొకరున్నారు. అది చుక్కల దుప్పి.

వేసవి ముదిరేసరికి దారి తప్పిన దుప్పి బావిలో పడిందనో, ఊరకుక్కల బారిన పడి మరణించిందనో జిల్లా పత్రికల్లో వార్తలు వస్తుంటాయి. దాహం తీర్చుకునేందుకు ఊళ్లోకి వచ్చిందని సాధారణంగా చెప్పుకొంటారు. దాహం నిజమే. దానితో పాటు ఆకలి కూడా ఉందన్న సంగతి మరుగున పడుతోంది. గడ్డి ఎండిపోయిన కాలంలో దుప్పిని అడవిలో నిలబెట్టేది చెట్టు నుంచి రాలే పువ్వు, పండు. ఆ చెట్టు కొమ్మ నరికితే, రాలిన పండును మొత్తం ఏరేస్తే, దుప్పికి మిగిలే దారి పంటచేనే. అక్కడ దాని కోసం ఉచ్చులు, కరెంటు తీగలు కాచుకుని ఉంటాయి.

అమెరికాలో వేట కోసం చెట్లు

జింకల కోసం ప్రత్యేకంగా పండ్ల చెట్లు నాటడం అమెరికాలో పెద్ద వ్యాపకం. అక్కడ సొంత భూముల్లో లైసెన్సుతో జింకలను వేటాడటం చట్టబద్ధం. వేట భూముల యజమానులు తమ పొలాల్లో చెస్ట్‌నట్ చెట్లు పెంచుతారు. ఈ చెట్టు కాయ ముళ్ల తొడుగులో ఉంటుంది. లోపలి గింజను కాల్చి తింటే ఉడికించిన పనసగింజనో చిలగడదుంపనో తలపిస్తుంది. పిండి పదార్థం ఎక్కువ, వగరు తక్కువ. అక్కడి అడవుల్లో విరివిగా దొరికే ఓక్ చెట్టు గింజల్లో వగరు అధికం. అందుకే రెండూ పక్కపక్కన రాలితే జింక ముందుగా చెస్ట్‌నట్‌నే ఏరుకుంటుంది. పైగా ఓక్ కాపుకు రావడానికి ఇరవై ఏళ్లు పట్టవచ్చు. చైనా జాతి చెస్ట్‌నట్, దానితో సంకరం చేసిన రకాలు నాలుగైదేళ్లకే కాయ పట్టడం మొదలుపెడతాయి.

ఈ ఆసక్తి వెనుక ఒక విషాదం ఉంది. తూర్పు అమెరికా అడవుల్లో ఒకప్పుడు స్థానిక చెస్ట్‌నట్ చెట్లు కోట్ల సంఖ్యలో ఉండేవి. ఆసియా నుంచి దిగుమతి చేసుకున్న మొక్కలతో పాటు వచ్చిన శిలీంధ్ర తెగులును 1904లో న్యూయార్క్‌లోని జంతు ప్రదర్శనశాల చెట్లపై తొలిసారి గుర్తించారు. తర్వాతి అర్ధ శతాబ్దంలో మూడు వందల కోట్లకు పైగా చెట్లు నేలకొరిగాయని అంచనా. ఏటా తప్పక కాసే చెట్టు పోవడంతో జింకలు, ఎలుగుబంట్లు, అడవి కోళ్లు ఒక ఏడాది కాసి మరో ఏడాది మొండికేసే ఓక్ మీద ఆధారపడవలసి వచ్చింది. ఒక్క జాతి చెట్టు కనుమరుగైతే అడవి భోజనశాల ఎలా తారుమారవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

ఆంధ్ర మైదానాల్లో చెస్ట్‌నట్ పెరగదు. దానికి చలి కావాలి. అయితే ఆ చెట్టు అక్కడ చేసే పనిని ఇక్కడ ఇప్ప, ఉసిరి, తాని, తునికి, రేగు, నేరేడు చేస్తాయి. తేడా ఒక్కటే. అక్కడ చెట్టు నాటేది జింకను తుపాకీ ముందుకు రప్పించేందుకు. ఇక్కడ చెట్టును కాపాడుకోవలసింది దుప్పిని తుపాకీకి దూరంగా ఉంచేందుకు.

వేట భూములే వన్యప్రాణులకు నిలయాలు

తెలుగునాట కూడా ఒకప్పుడు వేట భూములుండేవి. నల్లమలలోని ఫరహాబాద్ నిజాం ప్రభువుల వేట విడిది. హైదరాబాద్ శివార్లలోని వనస్థలిపురం సమీపాన ఉన్న అడవి కూడా వారి వేట స్థలమే. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణోత్సవాల సందర్భంగా 1975లో దానిని మహావీర్ హరిణ వనస్థలిగా ప్రకటించారు. నేడది కృష్ణజింకలకు, చుక్కల దుప్పులకు ఆలవాలం. నల్లమలలో 1978లో అభయారణ్యం ఏర్పడగా, 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల రక్షిత ప్రాంతం పులుల ప్రాజెక్టు పరిధిలోకి వచ్చింది. 2014లో రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల రక్షిత ప్రాంతంగా వేరుపడింది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. అభయారణ్యాలు, జాతీయ పార్కుల పరిధిలో వేటాడిన వారికి మూడు నుంచి ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడుతుంది. వేట భూములు వన్యప్రాణుల నిలయాలుగా మారడం యాదృచ్ఛికం కాదు. జంతువులు దండిగా ఉండే చోటునే రాజులు వేటకు ఎంచుకున్నారు. మేత, నీరు, నీడ ఉన్నందునే ఆ చోట్ల జంతువులు దండిగా ఉన్నాయి. చట్టం తుపాకీని ఆపగలిగింది గాని, మేతను మాత్రం చెట్టే ఇవ్వాలి.

జింక వేరు, దుప్పి వేరు

వాడుకలో అన్నింటినీ జింకలనే అంటారు. శాస్త్రరీత్యా ఇవి రెండు వేర్వేరు కుటుంబాలు. చుక్కల దుప్పి, కణితి దుప్పి జాతివి. మగవాటి కొమ్ములు శాఖలుగా చీలి, నిర్ణీత కాలానికి రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక, మనుబోతు, కొండగొర్రెలకు ఉండేవి రాలని కొమ్ములు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. ఇది మైదానంలో గడ్డి మేసే ప్రాణి. చుక్కల దుప్పి అడవికీ గడ్డిమైదానానికీ నడుమ తిరుగుతుంది. కణితి దట్టమైన కొండ అడవిని ఇష్టపడుతుంది.

దుప్పి ప్రధానంగా గడ్డి తినే జంతువు. వానకాలంలో లేత గడ్డి దొరికినన్నాళ్లు చెట్టు వైపు పెద్దగా చూడదు. శీతాకాలం నాటికి గడ్డి ముదిరి పీచుగా మారుతుంది, అందులో మాంసకృత్తులు అడుగంటుతాయి. అప్పటినుంచి ఆకులు, పువ్వులు, రాలిన పండ్ల వైపు మళ్లుతుంది. ఎండు గడ్డి కడుపు నింపుతుంది గాని బలమివ్వదు. చక్కెర, పిండి, తేమ కలిగిన పండు కొద్దిగా దొరికినా ఆ లోటు తీరుతుంది. పిల్లలకు పాలివ్వవలసిన తల్లి దుప్పులకు ఈ తేడా ప్రాణంతో సమానం. ఎండాకాలంలో పండులోని తేమ కొంతమేరకు దాహాన్ని కూడా తీరుస్తుంది.

ఏ నెలలో ఏ చెట్టు?

తూర్పు కనుమల పొడి అడవుల్లో కాపు ఒక్కసారిగా రాదు. ఒక చెట్టు చేయి దులుపుకునే వేళకు మరో చెట్టు అందుకుంటుంది.

కార్తీకం నుంచి మాఘం వరకు: ఉసిరి, రేగు, పరికి కాయలు. శీతాకాలం చివర తాని కాయలు రాలతాయి. ఉసిరి పులుపు, వగరు మనిషికి నోరు ముడుచుకునేలా చేసినా దుప్పికి ఇష్టమే.

ఫాల్గుణం, చైత్రం: ఇప్ప పువ్వు. రాత్రి విచ్చుకుని తెల్లవారుజామున నేల మీద పరచుకునే ఈ కండగల పువ్వులు తియ్యగా ఉంటాయి. ఎండబెట్టిన ఇప్ప పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. ఎలుగుబంటి, దుప్పి, అడవిపంది, గిరిజనులు అందరూ దీని కోసం ఒకే చెట్టు కిందికి చేరతారు.

చైత్రం నుంచి జ్యేష్ఠం వరకు: తునికి పండ్లు, గుమ్మడి టేకు కాయలు, మేడి, జువ్వి, మర్రి పండ్లు. మర్రి జాతి చెట్లకు కాపు కాలం నిర్దిష్టంగా ఉండదు. అడవిలో ఏదో ఒక మూల ఏదో ఒక చెట్టు పండుతూనే ఉంటుంది. కరవు కాలంలో ఇవి ధర్మసత్రాల వంటివి.

జ్యేష్ఠం, ఆషాఢం: నేరేడు. అది రాలేసరికి తొలకరి పడి గడ్డి చిగురిస్తుంది.

ఈ పంక్తిలో అత్యంత కీలకమైనవి మార్చి నుంచి జూన్ వరకు గల నాలుగు నెలలు. గడ్డి లేక, నీరు తగ్గి, ఆకు రాలిన కాలమది. ఇప్ప, తునికి, మర్రి జాతులు ఆ ఖాళీని పూడుస్తాయి. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా గొలుసు అక్కడ తెగుతుంది.

పైన కొండముచ్చు.. కింద దుప్పి

దుప్పికి చెట్టెక్కడం రాదు. పండు రాలేదాకా కాచుకోవాలి. ఈ పనిలో దానికి కొండముచ్చు తోడు దొరికింది. కొండముచ్చులు కొమ్మ మీద కూర్చుని కాయ సగం కొరికి పారేస్తాయి, లేత చిగుళ్లు తుంచి వదిలేస్తాయి. వాటిని దుప్పులు కింద నిలబడి తింటాయి. మధ్యప్రదేశ్‌లోని కన్హా అడవుల్లో 1980వ దశకంలో జరిగిన పరిశీలనలు ఈ సహవాసాన్ని వివరంగా నమోదు చేశాయి. మేత కరువైన ఎండు నెలల్లో ఇది దుప్పులకు మరింత అక్కరకు వస్తుంది. లాభం ఒకవైపే ఉండదు. చెట్టు మీది కొండముచ్చు దూరాన వస్తున్న చిరుతను చూసి అరుస్తుంది. నేల మీది దుప్పి వాసన పసిగట్టి కూతపెడుతుంది. ఒకరి హెచ్చరికకు మరొకరు అప్రమత్తమవుతారు.

తిన్న రుణం తీర్చుకునే జంతువు

దుప్పి పండు తిని ఊరుకోదు. చెట్టుకు తిరిగి మేలు చేస్తుంది. ఇది ఆవు, మేకల మాదిరిగా నెమరువేసే ప్రాణి. ఉసిరికాయను మింగేస్తుంది. తర్వాత నీడలో విశ్రమించి నెమరువేసేటప్పుడు గుజ్జును నమిలి, గట్టి టెంకను నోటి నుంచి ఉమ్మివేస్తుంది. ఆ టెంక ఎండకు ఎండి పగిలి లోపలి విత్తులు నేల మీద చెల్లాచెదురవుతాయి. భారతీయ పొడి అడవుల్లో ఉసిరి విత్తనాలను ప్రధానంగా వ్యాపింపజేసేవి దుప్పి జాతి జంతువులేనని 2006లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది.

దీని అంతరార్థం గమనార్హం. తల్లిచెట్టు కిందే పడిన గింజకు నీడ ఎక్కువ, పోటీ ఎక్కువ. దుప్పి దానిని కొంత దూరం మోసుకెళ్లి, వెలుతురు తగిలే చోట వదులుతుంది. అందుచేత దుప్పులు లేని అడవిలో ఉసిరి మొలకలు తగ్గుతాయి. ఉసిరి తగ్గిన అడవిలో దుప్పులకు శీతాకాలపు మేత తగ్గుతుంది. నేడు మార్కెట్‌కు వచ్చే అడవి ఉసిరిలో ఎంతో కొంత ఒకప్పుడు ఏదో దుప్పి నాటిన చెట్టుదే.

పండు ఎటు పోతోంది?

అడవి ఫలాలపై గిరిజనులకు తరతరాల హక్కు ఉంది. నల్లమలలో చెంచులు ఉసిరి, ఇప్ప, తేనె సేకరించి జీవిస్తారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల సేకరణను వారి హక్కుగా గుర్తించింది. విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వీటిని కొనుగోలు చేస్తుంది. కాబట్టి సేకరణ మానుకోమనడం న్యాయం కాదు, సాధ్యమూ కాదు. సమస్య సేకరణలో లేదు. సేకరించే తీరులో ఉంది.

మొదటిది కొమ్మ నరకడం. కాయలు ఒక్కొక్కటిగా కోయడానికి ఓపిక చాలక, పోటీకి వచ్చిన బయటివారికంటే ముందుండాలన్న తొందరలో కొమ్మను మొదలంటా నరికి కింద కాయలు దులుపుతారు. ఆ కొమ్మ మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. క్షీరాబ్ది ద్వాదశికి బజారులోకి వచ్చే కొమ్మల కట్టలు కూడా ఈ నరుకుడుకు ఊతమిస్తున్నాయి.

రెండోది బదనిక. ఇతర చెట్ల కొమ్మలపై మొలిచి వాటి రసాన్ని పీల్చే పరాన్నజీవి మొక్క ఇది. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులు కోసే ఉసిరి చెట్లపై జరిగిన దీర్ఘకాల అధ్యయనాల్లో, కాయ కోత కంటే బదనిక బెడదే చెట్ల చావుకు పెద్ద కారణంగా కనిపించింది. కోతకు వెళ్లినప్పుడే బదనిక పట్టిన కొమ్మను తీసేస్తే చెట్టు బతుకుతుంది. ఈ పని చేయగలిగింది ఏటా ఆ చెట్టెక్కే గిరిజనుడే. అతణ్ని అడవి నుంచి పంపేస్తే చెట్టుకు వైద్యుడు కూడా పోయినట్లే.

మూడోది నిప్పు. ఇప్ప పువ్వు ఏరుకునేందుకు వీలుగా చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. గాలి వీస్తే ఆ మంట చెట్టు దాటి కొండంతా పాకుతుంది. ఇప్ప మొలకలు, తునికి పిలకలు, రాలిన గింజలు, మిగిలిన ఎండు గడ్డి అన్నీ బూడిదవుతాయి. పెద్ద చెట్టు నిలిచి ఉంటుంది గనుక నష్టం కంటికి ఆనదు. దాని తర్వాతి తరం మాత్రం ఉండదు.

నాలుగోది తునికాకు. బీడీ ఆకు వ్యాపారాన్ని ఉమ్మడి రాష్ట్రంలో 1971 చట్టం ద్వారా ప్రభుత్వం తన ఆధీనంలోకి తెచ్చుకుంది. లేత, వెడల్పాటి ఆకు రావాలంటే వేసవి మొదట్లో తునికి పొదలకు కొమ్మ కొడతారు. ఏటా కొమ్మ కొట్టిన పొద ఆకునిస్తుంది గాని పండునివ్వదు. పైగా తునికిలో ఆడ, మగ చెట్లు వేరువేరు. కాసేది ఆడ చెట్టు మాత్రమే. వేలాది మందికి వేసవి కూలి ఇచ్చే ఈ పనిని కాదనలేం. అడవిలో కొన్ని పెద్ద తునికి చెట్లను, వాటిలో ఆడ చెట్లను గుర్తించి కాపుకు వదిలేస్తే ఇటు ఆకు, అటు పండు రెండూ దక్కుతాయి.

సర్కారు తుమ్మ నేర్పిన పాఠం

జంతువులకు మేత కావాలంటే త్వరగా పెరిగే ఏదో ఒక చెట్టు నాటితే సరిపోతుందా? సరిపోదని చెప్పే అనుభవం ఆంధ్ర దేశంలోనే ఉంది. అమెరికా ఖండపు మొక్క అయిన సర్కారు తుమ్మను 1870వ దశకం చివర్లో వంటచెరకు కోసమని కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారు. భారతదేశంలో ఆ మొక్క తొలి అడుగుల్లో అదొకటి. దాని తియ్యని కాయలను మేకలు, పశువులు, కృష్ణజింకలు ఇష్టంగా తింటాయి. కరవులో ప్రాణం నిలుపుకుంటాయి కూడా. కానీ గింజ అరగదు. పేడతో పాటు బయటపడి వెళ్లిన చోటల్లా మొలుస్తుంది.

ఫలితంగా బంజర్లు, చెరువు గట్లు, గడ్డిమైదానాలు ముళ్లపొదలతో నిండిపోయాయి. ఆ పొదల కింద గడ్డి మొలవదు. నాలుగు కాళ్లు చాచి పరుగెత్తి ప్రాణం కాపాడుకునే కృష్ణజింకకు విశాలమైన బయలు కావాలి. పొదలు ఆ బయలును మింగేస్తాయి. కాయ ఇచ్చిన చెయ్యే గడ్డిని లాక్కుంది. మేత చెట్టు ఎంపికలో స్థానిక జాతులనే ఎందుకు చూడాలో ఈ ఒక్క ఉదంతం చాలు.

చెట్టు కింద కాపు కాసేది ఎవరు?

పండు రాలే చెట్టు ఎక్కడుందో దుప్పికే కాదు, దొంగ వేటగాడికీ తెలుసు. ఇప్ప కాలంలో రాత్రివేళ చెట్టు దగ్గర మాటు వేయడం, దుప్పులు వచ్చే బాటలో ఉచ్చులు బిగించడం పాత పద్ధతులు. ఇటీవలి కాలంలో వీటికి కరెంటు తోడైంది. విద్యుత్ లైనుకు కొక్కెం తగిలించి, ఇనుప తీగను అడవి అంచున మోకాలెత్తున లాగుతారు. ఆ తీగకు దుప్పి, అడవిపంది, పశువు, మనిషి అన్న తేడా తెలియదు. పొలం కావలికి వెళ్లిన రైతులు, పశువుల కాపర్లు ఇలాంటి తీగలకు బలైన ఘటనలు రాష్ట్రంలో అనేకం.

అడవి లోపల మేత ఉన్నప్పుడు దుప్పి అంచుకు రావలసిన అవసరం తక్కువ. లోపల మేత లేకుంటే మినుము, పెసర, వేరుశనగ చేలు దానికి పచ్చగా కనిపిస్తాయి. రైతుకు పంట నష్టం, దుప్పికి ప్రాణ నష్టం. ఇద్దరి మధ్య తగవు పెట్టేది అడవి లోపలి ఖాళీ కొమ్మే.

మన జిల్లా అడవి సంగతి

విజయవాడకు వాయవ్యంగా సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో మొదలయ్యే కొండపల్లి రిజర్వు అడవి నగరానికి సమీపంలో మిగిలిన చెప్పుకోదగ్గ అరణ్యం. డెల్టా పచ్చదనం చూసిన కంటికి ఈ పొడి అడవి బోసిగా కనిపించవచ్చు. కొండపల్లి బొమ్మలకు ప్రాణమిచ్చే తెల్ల పొణికి చెట్టు ఇలాంటి అడవిదే. ఆ చెట్టు తరిగిపోయి బొమ్మల కళాకారులు కర్ర కోసం ఇబ్బంది పడటం జిల్లా వాసులకు తెలియనిది కాదు. పొణికి తరిగితే చేతులున్న మనిషి వచ్చి చెప్పుకున్నాడు. ఉసిరి, తునికి తరిగితే చెప్పుకునే నోరు దుప్పికి లేదు. దాని ఫిర్యాదు బావిలో పడిన కళేబరం రూపంలోనే అందుతుంది.

ఏ చెట్టు, ఎక్కడ?

మేత చెట్లు నాటేటప్పుడు కొన్ని మెలకువలు అవసరం.

* రోడ్డు పక్కన, పొలం గట్టున, ఊరి అంచున ఉన్న అటవీ భూమిలో దుప్పి ఇష్టపడే పండ్ల చెట్లు నాటరాదు. అవి జంతువును వాహనాల కిందికి, కుక్కల నోటికి రప్పిస్తాయి. అడవి లోపల, నీటి కుంటలకు నడక దూరంలో నాటాలి.

* ఒకే జాతిని వరుసలుగా నాటడం కంటే నెల నెలకు ఒకటి కాపుకు వచ్చేలా కలగలుపుగా నాటడం మేలు. మర్రి, జువ్వి, మేడి తప్పక ఉండాలి.

* ఇప్ప విత్తు ఎక్కువ కాలం నిల్వ ఉండదు. రాలిన కొద్ది వారాల్లోనే విత్తాలి. ఏడాది నిల్వ చేసిన గింజ మొలవదు.

* తునికి నాటేచోట ఆడ, మగ మొక్కలు రెండూ ఉండేలా ఎక్కువ సంఖ్యలో నాటాలి. తునికి నెమ్మదిగా పెరుగుతుంది. అందువల్ల కొత్తగా నాటడం కంటే ఉన్న చెట్టును కాపాడటమే లాభం.

* మొక్కను మొదటి మూడు నాలుగేళ్లు మేత నుంచి రక్షించాలి. లేకుంటే పండు తినవలసిన దుప్పే చిగురు తినేస్తుంది. అమెరికాలో చెస్ట్‌నట్ నాటేవారు కూడా ప్రతి మొక్క చుట్టూ గొట్టపు తొడుగు బిగిస్తారు.

పౌరులు పాటించవలసినవి

పూజకు ఉసిరి కొమ్మ బదులు కాయ వాడవచ్చు. కుండీలో ఉసిరి మొక్క పెంచుకుంటే ఏటా కొమ్మ కొనవలసిన పనే ఉండదు. పూజ ముగిశాక ఆ మొక్కను పెరట్లోనో, బడి ఆవరణలోనో నాటితే నాలుగైదేళ్లలో నీడ, కాయ రెండూ ఇస్తుంది. వనభోజనాలకు వెళ్లినవారు ఉసిరి చెట్టు కింద పొయ్యి పెట్టకూడదు. మంట సెగకు వేళ్లు, బెరడు దెబ్బతింటాయి. ప్లాస్టిక్ సంచులు, మిగిలిన తిండి వదిలి రాకూడదు.

పార్కుల్లో, రోడ్డు పక్కన కనిపించిన జింకలకు అన్నం, రొట్టె, మిఠాయి పెట్టడం దయ అనిపించుకోదు. నెమరువేసే జంతువు కడుపులోని సూక్ష్మజీవులు పీచు మేతకు అలవాటు పడినవి. ఒక్కసారిగా పిండి పదార్థం ఎక్కువైతే కడుపులో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. అడవిలో పండు కొద్దికొద్దిగా, గడ్డి ఆకులతో కలిసి దొరుకుతుంది గనుక ఆ ప్రమాదం ఉండదు.

ఊళ్లోకి వచ్చిన దుప్పిని తరమకూడదు, చుట్టుముట్టి ఫొటోలు తీయకూడదు. దుప్పి భయానికే గుండె ఆగి మరణించే ప్రాణి. కుక్కలను అదుపు చేసి, అడవి వైపు దారి వదిలి, సమీప అటవీ శాఖ కార్యాలయానికి లేదా పోలీసులకు సమాచారమివ్వాలి. పొలాల్లోని మొండి బావులకు గట్టు కట్టించడం లేదా కంచె వేయడం రైతులకూ, వారి పశువులకూ క్షేమం. కరెంటు తీగ లాగినట్లు తెలిస్తే వెంటనే విద్యుత్ సిబ్బందికి చెప్పాలి.

వేసవి రాగానే అడవుల్లో సిమెంటు తొట్లు కట్టి ట్యాంకర్లతో నీళ్లు పోయడం అందరి కంటికీ కనిపించే పని. అది అవసరమే. అయితే తొట్టి నీళ్లు ఆ పూటకే. ఇప్ప చెట్టు ఒకటి కాపుకు రావడానికి పదేళ్లు పట్టవచ్చు, వచ్చాక మాత్రం తరాల పాటు ఏటా ఫాల్గుణంలో ఎవరూ పిలవకుండానే అడవికి విందు పెడుతుంది. ఆ విందు సాగినన్నాళ్లు దుప్పి అడవిలో ఉంటుంది. చేను రైతుకు మిగులుతుంది. కార్తీకానికి ఉసిరికాయ బజారుకూ వస్తుంది.